ముందు వరుసలో తువ్వాలు

ఆ స్టీలు క్యారియరు తేవద్దని ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పానా లేదా శాంతయ్యా? చెప్పా. బళ్ళో పిల్లలకి చెప్పీ చెప్పీ నీకు ఎదుటివాడి మాట వినడం పోయింది. గేటు దగ్గరే లాగేసుకుంటారయ్యా బాబూ. స్టీలూ గాజూ ఏదీ లోపలికి పోనివ్వరు. పోయినేడు నా మంచినీళ్ళ సీసా తీసి పెద్ద పీపాలో పడేశారు. ఇరవై ఏళ్ళు స్టీరింగు పక్కన పెట్టుకుని తిరిగిన సీసా అది. తిరిగెళ్ళేటప్పుడు ఇస్తారా అంటే నవ్వారు.

ఇటివ్వు దాన్ని. పులిహోరేగా? ఆ హోటలు వాడు తలుపు తీయనీ, ఆకులో పొట్లం కట్టిస్తా. క్యారియరు మా ఇంట్లో ఉంటుంది. చెల్లెమ్మ అడిగితే బావ లాక్కున్నాడని చెప్పు. ఆ మాటైతే నమ్ముతుందిలే.

కూర్చో. హైదరాబాదు బస్సుకి ఇంకా ముప్పావు గంట ఉంది. చందర్లపాడు నుంచి తొలి ఆటోకే వచ్చేశావ్, మంచి పని. మీ అక్క అదిగో, ఆ చివరి బెంచీ మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని. ఇంటి దగ్గర్నుంచి ఇక్కడిదాకా నడిచే వచ్చాం. నడిచినంతసేపూ నాకు నాలుగడుగులు ముందే ఉంది. నేను చెబితే వినదు. అందుకే అన్నీ నీకు అప్పజెబుతున్నా.

నవ్వకు. కార్ల రేసుకి పోవడం తిరణాలకి పోవడం లాంటిది కాదు. నేను ఒకసారి పోయొచ్చా కాబట్టి చెబుతున్నా. ఈ నందిగామలో మొత్తం మీద ఎంతమంది పోయుంటారు చెప్పు? నాకు తెలిసి నేనొక్కడినే. రేపు రెండోది మీ అక్క, మూడోవాడివి నువ్వు. రేపేంటి, ఇవాళే. ఇవాళ మధ్యాహ్నం రెండింటికేగా మొదలయ్యేది. తెల్లారకుండా లేస్తే నాకు రోజు కూడా తెలీదు.

సరే, విను. బస్సులో నిద్రపోకు. సూర్యాపేట దాటాక అందరూ నిద్రపోతారు, నేను అద్దంలో ఎన్నిసార్లు చూళ్ళేదు. పెద్ద అంబర్‌పేట దగ్గర దిగాలి. బస్టాండు దాకా పోయారా, మళ్ళీ వెనక్కి రావడానికి పూట పడుతుంది. దిగిన చోట రేసు వాళ్ళ బస్సులుంటాయి. అవి ఎక్కితే మైదానానికి కాస్త ఇవతలే దింపేస్తారు, అక్కడ్నుంచి నడకే. నీ కాళ్ళకి ఏంటవి? కొత్త చెప్పులా? అయిపోయింది. నా మాట విని మీ అక్క సంచిలో నా పాత చెప్పులున్నాయి, అవి వేసుకో. అవును, పెట్టా. నీ సంగతి నాకు తెలుసుగా.

ఇదిగో దూది. జేబులో పెట్టుకో. చెవుల్లో పెట్టుకోవడానికి నామోషీ పడకు, అక్కడ అందరూ పెట్టుకుంటారు. రేసు కారు మోత నువ్వు అనుకున్నట్టు ఉండదు శాంతయ్యా. మన బస్సుకి సైలెన్సరు ఊడిపోతే ఎట్లా మొత్తుకుంటుంది, అట్లాంటివి ఇరవై, అన్నీ ఒక్కసారే మొదలైతే ఎట్లా ఉంటుందో అనుకో. చెవికి కాదు, గుండెకాయకి తగులుతుంది. మీ అక్క భయపడుతుంది. మొదటి రౌండు దాని చెయ్యి పట్టుకో. రెండో రౌండుకి అదే వదిలేస్తుందిలే.

టోపీ ఉందా? గొడుగు తీయకు, వెనకోళ్ళు ఊరుకోరు. లేచి ఇంటికి పొమ్మంటారు. నీళ్ళు లోపల కొనుక్కోవాల్సిందే. బాత్రూముకి రేసు మొదలవకముందే పోయిరా. మధ్యలో లేచావంటే నీ వెనక పదిమంది తిట్టుకుంటారు, పైగా నువ్వొచ్చేసరికి ఎవడు ముందున్నాడో ఎవడు వెనకున్నాడో ఏమీ అర్థం కాదు.

ఇంకొకటి. ఇది ముఖ్యం. కారుని చూడకు.

అవునయ్యా, కార్ల రేసుకి పోయి కారుని చూడొద్దంటున్నా. కారుని చూద్దామని మెడ తిప్పేలోపు అది పోయుంటుంది. మెడ పట్టేస్తుంది తప్ప ఏమీ కనపడదు. ఒక మలుపు పెట్టుకో. ఆ మలుపులోకి వచ్చేముందు ఎవడు ఎక్కడ బ్రేకు మీద కాలేస్తున్నాడో చూడు. గేరు దించేటప్పుడు ఇంజను ఎట్లా గొణుగుతుందో విను. పది రౌండ్లయ్యేసరికి వాళ్ళలో డ్రైవరు ఎవడో, ఊరికే తొక్కేవాడు ఎవడో నీకే తెలిసిపోతుంది. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపినా నాకు ఈ ఉపాయం తట్టలేదు. జాయిస్ చెప్పింది.

అది చెప్పదా మరి. దాని చిన్నప్పుడు నాకు జగ్గయ్యపేట డిపోలో ముక్త్యాల సర్వీసు ఉండేదిగా. బడి లేని రోజు వెంటపడి వచ్చేది. నా పక్కన బానెట్ మీద తుండు మడత పెట్టి కూర్చోబెట్టేవాణ్ణి. కాళ్ళు వేడెక్కుతున్నా దిగేది కాదు. గేదె అడ్డమొచ్చిందనుకో, నాన్నా చూశావా. లారీ వాడు లైటేశాడనుకో, నాన్నా చూశావా. నేను రోడ్డే కదా చూసేది, చూడక ఏం చేస్తా. అయినా చూశానమ్మా అనాల్సిందే. అనేదాకా ఊరుకునేది కాదు. గేరు శబ్దం మారితే నాకంటే ముందు దానికి తెలిసేది.

ఇంజనీరింగు చదివింది, హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. నువ్వే కదా దానికి లెక్కలు చెప్పింది. సెలవు రోజుల్లో పోయి ఈ రేసు పనిలో చేరింది. మార్షల్ అంటారు. జీతం ఉండదు, శిక్షణ ఇచ్చి తీసుకుంటారు. నారింజ రంగు బట్టలేసుకుని మలుపు దగ్గర జెండాలు పట్టుకుని నిలబడతారు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, నెమ్మదిగా రా అని. ఎర్రది ఊపితే ఆపెయ్యమని. నలుపూ తెలుపూ గళ్ళది నీకు తెలిసిందే, అయిపోయిందని. నా జెండా చూడకపోతే ఎంత పెద్ద డ్రైవరుకైనా శిక్ష పడుతుంది నాన్నా అని ఫోన్లో చెప్పింది.

నేనేం చేశా? జగ్గయ్యపేట అంతా తిరిగి, మా అమ్మాయి రేసులో ఆఫీసరు అని చెప్పుకున్నా.

అబద్ధం కాదులే. పూర్తి నిజమూ కాదు. దాని పని ఏంటో నేను సరిగ్గా అడగలేదు. అడిగితే ఆఫీసరు కాకుండా పోతుందేమోనని అడగలేదు.

పోయినేడు రెండు పాసులు పంపింది. నాకొకటి, వాళ్ళమ్మకొకటి. అదీ నీకు తెలుసు. నేను మీ అక్క పాసు తీసి వరప్రసాదరావు గారికి ఇచ్చా, అదీ నీకు తెలుసు. మీ అక్క ఏడాది నుంచి అదే పాడుతోంది, నా పిల్లని చూడకుండా చేశావని. తప్పేం లేదు, పాడనీ. వరప్రసాదరావు గారంటే మా డిపోలో కంట్రోలరుగా చేసిన ఆయన. నాకు మొదట డ్యూటీ చార్టు రాసిచ్చింది ఆయనే. మంచివాడు. నన్ను ఏనాడూ ఒక మాట అన్నవాడు కాదు. కానీ ఆయన ముందు నేను ఎప్పుడూ నిలబడే మాట్లాడాను శాంతయ్యా. ఆయన కూర్చోమన్నా కూర్చోలేదు. ఒక్కసారి ఆయన పక్కన కూర్చుని, అదిగోనండి మా అమ్మాయి అని చూపించాలనిపించింది. భార్య కంటే ఆ ముచ్చట ఎక్కువైంది నాకు.

ఈ బస్టాండులోనే ఎక్కా. ఆయన చిల్లకల్లులో ఎక్కుతాడు. అప్పటిదాకా నా పక్క సీటులో తువ్వాలు వేసి ఉంచా. ఒకావిడ వచ్చి ఎవరిదండీ అంటే మా సార్ వస్తున్నారండి అని చెప్పా. ఇదిగో, ఈ తువ్వాలే.

అక్కడికి పోయాక కూడా అదే బుద్ధి. పాసు మీద సీటు నంబరు ఉంటుంది. మాది పైన ఎక్కడో ఉంది. కిందికి చూస్తే ముందు వరుస ఖాళీ, కంచె పక్కనే, మలుపు ఎదురుగానే. నేనూరుకుంటానా? గబగబా దిగిపోయి రెండు సీట్ల మీద తువ్వాలు పరిచేసి, రండి సార్ అని కేకేశా. అక్కడ డ్యూటీలో ఉన్న కుర్రాడు వచ్చి, అంకుల్ ఇది నంబరు సీటు, బట్ట వేస్తే మనది కాదు అన్నాడు. జనం నవ్వారు. నేను మాత్రం లేవలేదు. ముప్ఫై ఏళ్ళు నా బస్సు కిటికీలోంచి పడ్డ తువ్వాళ్ళూ చేతిరుమాళ్ళూ సంచులూ చూసినవాణ్ణి, తువ్వాలు పడ్డాక సీటు మనది కాకపోవడమేంటి? వాళ్ళొస్తే లేస్తాలే బాబూ అన్నా. ఆ సీట్ల వాళ్ళు రానే లేదు.

వచ్చినా బాగుండేది. లేపి పైకి పంపేసినా బాగుండేది. పైన కూర్చునుంటే అది నన్ను చూసుండేది కాదు.

అందుకే చెబుతున్నా, మీ సీటు ఎక్కడుంటే అక్కడే కూర్చోండి. ఆఁ, తెలుసులే, నీకు ఆ కక్కుర్తి లేదు.

ఏం జరిగింది అంటావేంటి? ఏం జరుగుతుంది, రేసు జరిగింది.

కాళ్ళు ఎత్తు శాంతయ్యా, ఆమె ఊడుస్తోంది. ఎత్తామమ్మా, ఊడువు. ఈ సంచి కూడా తీస్తానుండు. ఆఁ, ఇప్పుడు ఊడువు.

...

నీకు మా అమ్మ తెలీదు. నీ అక్కని చేసుకునే నాటికే పోయింది. బసవమ్మ. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు మీ నాన్నకి మా అమ్మ కూలిపని చేసేదని చెప్పించా. పొలం పనీ చేసిందిలే, అదీ అబద్ధం కాదు. కానీ పదిహేనేళ్ళు చేసిన పని వేరే. ఇదే. ఈ బస్టాండు ఊడ్చేది. అప్పుడు ఇది ఇట్లా లేదు, రేకుల షెడ్డు, ఆ మూల మట్టి. ఇంత పొడుగు చీపురు, మా నాన్న కట్టిచ్చేవాడు. తెల్లారగట్ట వచ్చి తొలి బస్సు కదిలేలోపు అంతా ఊడ్చేసేది.

నన్ను మాత్రం చీపురు ముట్టనిచ్చేది కాదు. ఇంట్లో కూడా. నీ చేతికి ఇది వద్దు అనేది. ఆ ఒక్క మాట మీద బతికా నేను. డ్రైవరుద్యోగం వచ్చినా, ఇల్లు కట్టినా, జాయిస్‌ని చదివించినా, అన్నీ ఆ మాట మీదే. మా ఇంట్లో జాయిస్ ఏనాడైనా చీపురు పట్టడం చూశావా? వాళ్ళమ్మ పట్టమంటే నేను తిట్టేవాణ్ణి. గారం అనుకునేవాళ్ళు మీరంతా. గారం కాదు.

ఇప్పుడు చెబుతా విను. అటు చూడకు, మీ అక్కకి వినపడదు.

రేసు సగమయింది. మా ఎదురుగా మలుపులో రెండు కార్లు రాసుకున్నాయి. ఒకదాని ముందు భాగం విరిగిపోయి ముక్కలు ముక్కలుగా రోడ్డంతా పడింది. పసుపు జెండాలు లేచాయి. కార్లన్నీ నెమ్మదించి వరసలోకి వచ్చేశాయి. అప్పుడు కంచె అవతల్నుంచి నలుగురు నారింజ బట్టల వాళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చారు. అందరికంటే ముందున్నది ఆడపిల్ల. తలకి హెల్మెట్టు, కింద జడ. చేతిలో చీపురు.

ఊడ్చింది శాంతయ్యా. రోడ్డు మధ్యలో నిలబడి, నడుం వంచి. ఎదురుగా పెద్ద తెర ఉంటుంది, దాని మీద కూడా చూపించారు. ఇంత పెద్దగా. అన్ని వేలమంది చూస్తుండగా.

నాకు జాయిస్ కనపడలేదు. చీపురు కనపడింది.

అది ఎందుకు ఊడ్చిందో నాకు తెలీదా? డ్రైవర్ని నేను. ఆ స్పీడులో గోరంత ముక్క టైరుకి గుచ్చుకుంటే ఆ కారులో వాడు బతకడు. మళ్ళీ కార్లు చుట్టు తిరిగి వచ్చేలోపు, ఒకటీ ఒకటిన్నర నిమిషంలో ఆ రోడ్డు అద్దంలా చెయ్యాలి. చేసింది. చేసి పరుగెత్తి కంచె దాటేసింది. ముందు కారు వాడు అటు పోతూ చెయ్యి బయటికి పెట్టి దానికి సలాం చేశాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. వరప్రసాదరావు గారు కూడా లేచారు. చప్పట్లు కొడుతూ నా వైపు తిరిగి, ఏమయ్యా ఆశీర్వాదం, ఆ ముందున్న పిల్ల మన జాయిస్‌లా ఉందే అన్నారు.

కాదండి అన్నా.

ఆలోచించలేదు. నోట్లోంచి వచ్చేసింది. మా అమ్మాయి పైన ఆఫీసు రూములో ఉంటుందండి అన్నా. అట్లా ఇంకో ముక్క కూడా కలిపా.

ఆయన వెక్కిరిస్తున్నాడనుకున్నా. ఎన్ని చదువులు చదివించినా చివరికి ఇదేగా అన్నట్టు వినపడింది నాకు. ఆయన అట్లా అనలేదు. నా చెవికి అట్లా వినపడింది.

ఆగు, ఇంకా అవలేదు.

రేసు అయిపోయాక ఆ మార్షళ్ళంతా రోడ్డు మీదికి వస్తారు. డ్రైవర్లు నెమ్మదిగా పోతూ వాళ్ళకి చెయ్యి ఊపుతారు, వీళ్ళు జెండాలన్నీ ఊపుతారు. అది చూడాల్సిందే, ముందే లేచిపోకండి. అప్పుడు జాయిస్ నన్ను చూసింది. ముందు వరుసలో, కంచె పక్కనే ఉన్నాగా, చూడక ఏం చేస్తుంది. పరుగెత్తుకుంటూ వచ్చింది. హెల్మెట్టు తీసేసింది. మొహం అంతా నల్లటి మసి, చెమట. చీపురు చేతిలోనే ఉంది. మధ్యలో రెండు వరసల ఇనప వల, అంతే.

నాన్నా, చూశావా, అంది.

చిన్నప్పుడు బానెట్ మీద కూర్చుని అన్నట్టే అంది శాంతయ్యా. నేను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నా.

చెమట తుడుచుకుంటున్నట్టు. ఎంతసేపని తుడుచుకుంటాడు మనిషి? అట్లాగే పట్టుకుని ఉన్నా. పక్క నుంచి వరప్రసాదరావు గారు, ఏమ్మా, ఎవరు కావాలి అని అడిగారు. ఆయన గొంతులో మర్యాదే ఉంది.

తువ్వాలు చాటునుంచే విన్నా. సారీ అండి, మా నాన్న అనుకున్నా, అంది.

తువ్వాలు తీసి చూసేసరికి పోతోంది. చీపురు భుజాన వేసుకుని. ఆ నడక మా అమ్మది. నేను ఇన్నేళ్ళు గమనించలేదు, ఆ ఎడమ భుజం కాస్త కిందికి దించి నడవడం.

ఏమీ అనకు. అనేదేముంది.

తిరుగు బస్సులో ఆయన నిద్రపోలేదు. సూర్యాపేట దాటాక అన్నారు, ఆశీర్వాదం, ఆ ఊడ్చిన పిల్ల ఎవరో గానీ, కన్నవాళ్ళు అదృష్టవంతులయ్యా, నలభై ఏళ్ళ సర్వీసులో అంత పద్ధతిగా పని చేసినవాణ్ణి నేను చూళ్ళేదు అని. అప్పుడైనా చెప్పొచ్చుగా? అవునండి, మా అమ్మాయే అండి, ఇందాక సిగ్గుపడి అబద్ధం చెప్పా అనొచ్చుగా? ఆయన నా వైపే చూస్తున్నారు. తెలిసే అన్నారో తెలీక అన్నారో, ఇప్పటికీ నాకు తెలీదు. నేను అవునండి, అదృష్టవంతులేనండి అన్నా. ఎవరి పిల్ల గురించో అన్నట్టు. కోదాడ వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా.

ఇంటికొచ్చాక మీ అక్క అడిగింది, పిల్ల ఎట్లా ఉందని. డ్యూటీలో ఉంది, కనపడలేదు అని చెప్పా. అది మూడో అబద్ధం.

జాయిస్ వాళ్ళమ్మకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. చెప్పుంటే మీ అక్క నాతో పాసు గురించి పోట్లాడుతుందా? నా పరువు అది నిలబెట్టింది. ఫోను చేస్తుంది, చెయ్యకుండా లేదు. బాగున్నావా నాన్నా, మాత్ర వేసుకున్నావా నాన్నా, అమ్మకివ్వు. అంతే. ఏడాదిలో ఒక్కసారి కూడా, నాన్నా ఇవాళ ఇట్లా జరిగింది తెలుసా అని మొదలెట్టలేదు. చూశావా అని అడగడం లేదు నన్ను. పెద్దదైంది, పనులుంటాయి అనుకుంటోంది మీ అక్క.

ఈ ఏడు నీకు చేసింది ఫోను. మావయ్యా, నువ్వూ అమ్మా రండి, నాన్నకి మోకాళ్ళ నొప్పులు కదా, ఎండలో కూర్చోలేడు అంది. అవునా? నా మోకాళ్ళకి ఏం వచ్చింది శాంతయ్యా? రోజూ హైవే దాకా నడిచి వస్తున్నా. అది కూడా నాకోసమే చెప్పింది. నలుగురిలో నేను తలొంచుకోకుండా ఒక సాకు చేతికిచ్చింది.

మా అమ్మ కూడా ఇంతే.

నేను ఎనిమిదో తరగతి. పరీక్ష ఫీజు కట్టడానికి తోటివాళ్ళతో కలిసి ఈ బస్టాండు మీదుగా పోతున్నా. మా అమ్మ అప్పుడే పని ముగించి ఆ మూల నిలబడి ఉంది. ఎవరో ఇచ్చిన బన్ను ఒకటి కొంగులో కట్టుకుంది, నన్ను చూసి ముడి విప్పుతూ ఇటొచ్చింది. మా వాడొకడు ఎవర్రా ఆవిడ అన్నాడు. ఏమో అన్నా. ఆమె విన్నది. బన్ను మళ్ళీ కొంగులో కట్టేసుకుంది. ఆ సాయంత్రం అదే బన్ను పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. కానీ ఆ తర్వాత నుంచి, నేను దోస్తులతో ఇటు వస్తున్నానని కనపడితే, తనే అటు తిరిగి ఊడ్చేది. వీపు నా వైపు పెట్టి. నాకు ఇబ్బంది లేకుండా. మూడేళ్ళు అట్లాగే అటు తిరిగి ఊడ్చింది. నేను కూడా అదే బాగుందనుకున్నా.

ఇప్పుడు జాయిస్. ఇది కూడా అటు తిరిగింది. నాకు ఇబ్బంది లేకుండా.

మా అమ్మకి చెప్పుకోవడానికి లేదు. దీనికి చెప్పుకోవచ్చు, ఉందిగా, ఫోనుంది, బస్సుంది. అంటావని తెలుసు. ఎన్నిసార్లు ఫోను తీశానో నీకేం తెలుసు. ఏమని మొదలుపెట్టను? అమ్మా, ఆ రోజు నేను చూశాను అనా? చూసి తువ్వాలు అడ్డం పెట్టుకున్నానని దానికి తెలుసుగా. దానికి తెలియనిది ఏముంది నేను చెప్పడానికి.

లే, బస్సొచ్చింది. విజయవాడ నుంచే నిండి వస్తున్నట్టుంది. ఉండు, ఆ మూడో కిటికీ తెరిచే ఉంది, తువ్వాలు ఇందులోంచి... అమ్మాయ్, కొంచెం ఆ సీటు మీద పడేయమ్మా, ఇద్దరు ఎక్కుతున్నారు. ఆఁ, పడింది. పో, ఇప్పుడు తాపీగా ఎక్కండి. లూర్దమ్మా, నెమ్మది, మెట్టు ఎత్తు. చూశావా, పలకదు. పొట్లం సంగతి ఏమైంది? హోటలు తియ్యనే లేదు. సరే, క్యారియరు తీసుకుపో. బస్సులోనే తినేసి ఖాళీది గేటు బయట ఎవరికైనా ఇచ్చెయ్. పోతే పోనీ. నేను కొత్తది కొనిపెడతా చెల్లెమ్మకి.

చివరి మాట ఒకటి, కిటికీ దగ్గరికి వంగు.

కార్లు గుద్దుకోవాలని నేను కోరుకోకూడదు. కానీ రోడ్డు మీద ఏదో ఒకటి పడుతుంది, పడకుండా ఉండదు. పసుపు జెండా లేస్తుంది. అది చీపురు పట్టుకుని పరుగెత్తుకొస్తుంది. అప్పుడు నువ్వు కూర్చోవద్దు. మీ అక్కని కూడా లేపు. పక్కనున్న వాడికి చెప్పు, అదిగో ఆ ఊడ్చేది మా పిల్ల అని. వాడు అడగడు. అడక్కపోయినా చెప్పు. బసవమ్మ మనవరాలు అని కూడా చెప్పు. వాడికి తెలీదు, ఏమీ అర్థం కాదు, అయినా చెప్పు. అయిపోయాక అది కంచె దగ్గరికొచ్చి మావయ్యా చూశావా అంటుంది. చూశా అను. గట్టిగా అను, దాని చెవుల్లో దూది ఉంటుంది.

నా గురించా? ఏమీ చెప్పకు. మోకాళ్ళు నొప్పులే అని చెప్పు.

కదిలింది, చెయ్యి లోపల పెట్టుకో. ఏంటి? తువ్వాలా? విసరకు. ఉంచుకో శాంతయ్యా, నీ దగ్గరే ఉంచుకో. నా దగ్గరుంటే మళ్ళీ మొహానికే పోతుంది.